రివ్యూలు రాస్తే ల్యాప్‌టాప్ ఫ్రీ అంటున్నారా? ముందు ఇది చదవండి

ఇది రాయాలంటే సిగ్గుగానే ఉంది. మోసపోయినందుకు కాదు, ఆ మోసంలో నేనూ ఒక చెయ్యి వేసినందుకు. అయినా రాస్తున్నాను. అదే ఎర ఇంకా మెసేజింగ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది మరి.

నా పాత కంప్యూటర్ కొన ఊపిరితో ఉంది, కొత్తది కొనే పరిస్థితి లేదు. సరిగ్గా అప్పుడే ఎవరో నన్ను ఒక గ్రూపులో చేర్చారు. చెప్పిన వస్తువు మన డబ్బుతో కొనాలి, ఐదు స్టార్లు ఇచ్చి రివ్యూ రాయాలి, పెట్టిన డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. అలా 20 వస్తువులు పూర్తి చేస్తే ల్యాప్‌టాప్ కూడా ఇదే పద్ధతిలో ఇస్తారట. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అనలేదు. సరే అన్నాను.

మొదటిది ఛార్జింగ్ కేబుల్. మూడో రోజుకల్లా డబ్బు పడింది. తర్వాత మౌస్, ఇయర్‌ఫోన్లు, యూఎస్‌బీ హబ్. ప్రతిసారీ ఠంచనుగా వచ్చింది. నా అనుమానాన్ని పోగొట్టింది ఆ ఠంచనే. అమ్మేవాడికి ఇది నష్టమేమీ కాదని తర్వాత అర్థమైంది. కేబుల్ ఖర్చు వాడికి ప్రకటనల ఖర్చుతో సమానం. దానికి బదులుగా నిజంగా కొన్న ఖాతా నుంచి, 'వెరిఫైడ్ పర్చేజ్' ముద్రతో, ఫొటోలతో సహా ఐదు స్టార్లు దొరుకుతాయి.

కొనే పద్ధతి కూడా వాళ్లే చెబుతారు. ఇది వింటే మీకే తెలిసిపోతుంది ఎంత తేడా వ్యవహారమో. లింక్ ఇవ్వరు. ఫలానా పదాలు కొట్టి వెతకమంటారు. మూడో నాలుగో పేజీ దాకా దిగి, దారిలో వేరే కంపెనీల వస్తువులు రెండు మూడు కార్ట్‌లో వేసి తీసేసి, చివరికి వాళ్లది కొనమంటారు. అంతా మామూలు కొనుగోలులా కనిపించాలి. వస్తువు అందిన వెంటనే రాయకూడదు, నాలుగైదు రోజులు ఆగాలి. డబ్బు వెనక్కి వస్తుందన్న మాట రివ్యూలో ఎక్కడా రాకూడదు. నిజాయితీ గల అమ్మకందారుకు ఇంత నాటకం ఎందుకు? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదంటే అబద్ధం. వచ్చింది, పక్కన పెట్టాను.

ఇరవై పూర్తయ్యాయి. ల్యాప్‌టాప్ వంతు వచ్చేసరికి షరతులు మారాయి. ఎప్పటిలాగే పూర్తి ధర ముందు నేనే కట్టాలి, కానీ ఈసారి వచ్చిన రోజే రివ్యూ పెట్టాలి. ఆ రివ్యూ 30 రోజులు చెక్కుచెదరకుండా సైట్‌లో ఉండాలి. రిటర్న్ పెడితే డబ్బు రాదు. అప్పు చేసి కొన్నాను. పెట్టె విప్పి, ఆన్ చేసి, ఫొటోలు తీసి, "కొత్తది, వేగంగా ఉంది, బ్యాటరీ అద్భుతం" అని రాసేశాను. బ్యాటరీ గురించి నాకేం తెలుసు, అప్పటికి గంట కూడా వాడలేదు!

వారం తర్వాత ఫ్యాన్ రొద మొదలైంది. అప్పుడు చూసుకున్నాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, ల్యాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ దాచే డ్రైవ్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు పనిచేసిందో చూపిస్తుంది. నా 'కొత్త' ల్యాప్‌టాప్ డ్రైవ్ మీద 11,000 గంటలు దాటి ఉన్నాయి. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 పనిదినాలు లెక్కేసుకుంటే ఐదేళ్లకు పైబడిన ఉద్యోగం. నాకన్నా సర్వీసు ఎక్కువ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసే సదుపాయం ఉంది కదా, అదీ తీశాను. తయారైనప్పటి సామర్థ్యం 50,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండా ఎక్కిస్తే 31,000. ఏదో ఆఫీసు వదిలించుకున్న యంత్రాన్ని తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి పంపారు.

రిటర్న్ చేద్దామా అంటే డబ్బు పోతుందన్న షరతు గుర్తొచ్చింది. ఆగాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. 19వ రోజు సైట్ వాళ్లు నా రివ్యూ తీసేశారు. గ్రూపు మనిషికి చెబితే ఒకటే జవాబు: "రివ్యూ లైవ్‌లో లేదు, రీఫండ్ లేదు." మర్నాటికి నన్ను గ్రూపులోంచి తీసేశాడు. ఈలోగా రిటర్న్ గడువు కూడా దాటింది. రెండు రోజుల తర్వాత నా ఖాతాకు రివ్యూలు రాసే హక్కు పోయింది. ఆ ఇరవైతో పాటు, ఎన్నో ఏళ్లుగా నిజాయితీగా రాసుకున్న పాత రివ్యూలన్నీ మాయం. డబ్బు పోయినందుకన్నా దీనికే ఎక్కువ బాధపడ్డాను. అయినా సైట్‌ను తప్పుపట్టను, వాళ్ల నిబంధన వాళ్లు అమలు చేశారు.

ఆ నిబంధనలు కొత్తవేమీ కావు. వస్తువు ఉచితంగా తీసుకుని రివ్యూ రాయడాన్ని అమెజాన్ 2016లోనే ఆపేసింది, తానే కొందరిని పిలిచి రివ్యూలు రాయించుకునే 'వైన్' పథకంలో తప్ప. ఇలాంటి రివ్యూల బేరాలు నడిపే 10,000కు పైగా ఫేస్‌బుక్ గ్రూపుల నిర్వాహకుల మీద 2022లో కేసు కూడా వేసింది. పొగడాలన్న షరతు మీద రివ్యూలకు ప్రతిఫలం ఇవ్వడాన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నిబంధన పెట్టి నిషేధించింది. ఇవన్నీ నేను మునిగాక చదివాను లెండి.

వైన్ లాంటి పథకాల్లో వస్తువు నిజంగానే ఉచితం. కానీ పిలుపు వాళ్ల నుంచి రావాలి. బాగాలేదని రాసినా ఎవరూ అడగరు, వస్తువు ఉచితంగా అందిందని రివ్యూ పక్కనే రాసి ఉంటుంది. డబ్బు ముందు మనం పెట్టేది ఉండదు. ఎవరైనా వైన్ పేరు చెప్పి సభ్యత్వ రుసుము అడిగితే అక్కడే ఆపేయండి.

కంప్యూటర్ ఆశ చూపి జనాన్ని పోగేయడం పాత కథే. 1999లో ఫ్రీ-పీసీ అనే సంస్థ 10,000 కంపాక్ కంప్యూటర్లు ఉచితమని ప్రకటిస్తే పది లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. బదులుగా మన వివరాలు ఇవ్వాలి, తెర మీద ఎప్పుడూ ప్రకటనలు కనిపిస్తుంటాయి. ఏడాది తిరక్కుండానే అది ఈమెషీన్స్ అనే కంప్యూటర్ల కంపెనీలో కలిసిపోయింది. కాకపోతే ఒకటి, ఏం తీసుకుంటున్నారో వాళ్లు ముందే చెప్పారు.

రివ్యూలు కాదు, పని చేస్తే కంప్యూటర్ ఇస్తామనే వాళ్లూ ఉన్నారు. నా స్నేహితుడొకడు డేటా ఎంట్రీ చేశాడు. నెల చివర "తప్పులు ఎక్కువున్నాయి" అని మొత్తం పని కొట్టిపారేశారు. తప్పులు ఎక్కడో చూపించమంటే జవాబు లేదు. నిజంగా పని బదులు కంప్యూటర్ తీసుకునే ఒప్పందమైతే మోడల్, కొత్తదా పాతదా, ఏ తేదీకి చేతికిస్తారు, తర్వాత అది ఎవరి సొంతం అన్నవి కాగితం మీద ఉండాలి. సగం పనికే యంత్రం చేతికి రావాలి. వచ్చాక ఒకసారి పూర్తిగా రీసెట్ చేసి చూడండి. ఏదో సంస్థ లాగిన్ అడిగితే అది ఇంకా ఆ సంస్థ అదుపులోనే ఉన్నట్టు.

నా రివ్యూ 19 రోజులు సైట్‌లో ఉంది. మూడు ఫొటోలు, వాటిలో నల్ల అక్షరాలున్న పెట్టె, "బ్యాటరీ అద్భుతం" అన్న మాట. అది చూసి కొన్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే క్షమించండి. ముందు డ్రైవ్ గంటలు చూసుకోండి. రిటర్న్ గడువు ఇంకా మిగిలి ఉంటే ఈరోజే పెట్టేయండి.