పదిహేనేళ్ల చిన్న కారు: నేను కట్టిన బిల్లులు, దానికొచ్చిన జబ్బులు

మా నాన్నగారు ఆర్టీసీలో రిటైరైన ఏడాది, 2010లో, కొత్తగా కొన్న చిన్న పెట్రోలు కారు ఇప్పుడు నా దగ్గరుంది. 1,100 సీసీ, నాలుగు సిలిండర్లు, మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు. సింగ్‌నగర్ నుంచి నున్న మీదుగా ఆగిరిపల్లి వైపున్న మా స్కూలుకి రోజూ దాన్లోనే వెళ్లొస్తాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేవి వయసు మీద పడి వచ్చిన జబ్బులు, ఆ తరం చిన్న కార్లన్నిటికీ దాదాపు ఇవే వస్తాయి.

పాత బండి కొనొచ్చా అని స్టాఫ్ రూమ్‌లో ఎవరడిగినా ముందు రేడియేటర్ మూత తీసి చూడమంటాను. మన బెజవాడ ఎండల్లో పాత కార్లని ఎక్కువగా పాడుచేసేది వేడే.

2022 మే నెల. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా టెంపరేచర్ ముల్లు పైకి లేచేది, బండి కదలగానే దిగేది. బండి పరిగెడుతుంటే గాలికే రేడియేటర్ చల్లబడుతుంది, ఆగినప్పుడు చల్లబరచాల్సింది ఫ్యాన్. అంటే ఫ్యాన్ తిరగడం లేదన్నమాట. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. వారం రోజులు బోరు నీళ్లు పోస్తూ నడిపాను. ఒక మధ్యాహ్నం రామవరప్పాడు రింగ్ దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. అప్పటికే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు, పోయింది. ఆయిల్ మూత తీస్తే అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు, నీళ్లు ఆయిల్లో కలిసిపోయాయన్నమాట.

ఆటోనగర్‌లో నాన్నగారి కాలం నుంచి మేం వెళ్లే షెడ్ ఒకటుంది. అక్కడి మెకానిక్‌ని బాబాయ్ అని పిలుస్తాను. హెడ్ దించి, లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించి (అంటే దాని అడుగుని చదును చేయించి), కొత్త గాస్కెట్, ఆయిల్, కూలెంట్ వేసి 13,800 తీసుకున్నాడు. ఫ్యాన్ మోటార్ వేరే 2,400. మొదటి రోజే వెళ్లుంటే ఆ 2,400తోనే అయిపోయేది. వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌ని విప్పి నా అరచేతిలో పెట్టాడు. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్ల పెచ్చు దాని చుట్టూ గట్టిగా కట్టేసి ఉంది. "ఇది మీ బోరు నీళ్ల పుణ్యమేనమ్మా, ఇక కూలెంట్ తప్ప ఏదీ పొయ్యకు" అన్నాడు. అప్పటినుంచీ డిక్కీలో ఒక లీటరు కూలెంట్ డబ్బా ఉంచుకుంటున్నాను.

అదే ఊపులో వాల్వుల్ని పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంప్ మార్పించాను, 4,900. బెల్టు బయటికి బాగానే కనబడింది, కానీ మార్చి ఎనిమిదేళ్లయింది. మా ఇంజిన్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి. పాత బండి కొన్నవాళ్లు బెల్టు ఎప్పుడు మార్చారో చూపే బిల్లు దొరక్కపోతే, మార్చలేదనే అనుకోవాలి.

సస్పెన్షన్‌కి 7,200 అయింది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, అలైన్‌మెంట్‌తో కలిపి. నున్న రోడ్డు గుంతల్లో టకటకమనే చప్పుడు పూర్తిగా పోయింది. ఏసీ సంగతి మాత్రం కాస్త చెప్పాలి. ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో కంప్రెసర్ మొత్తం మార్చాలని 22,000 ఎస్టిమేట్ ఇచ్చారు. బాబాయ్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాస్తే, ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే కండెన్సర్ మూల నుంచి బుడగలు వచ్చాయి. కండెన్సర్, గ్యాస్ కలిపి 6,300. లీకు ఎక్కడో కళ్లతో చూడకుండా ఏసీకి డబ్బు కట్టకండి.

ఇక 2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చేశాయి, సాయంత్రానికి కారు సీట్లు మునిగాయి. ఆరో రోజుకి నీళ్లు తీశాయి. మావారు తాళం చేతిలో పట్టుకుని నిలబడితే, ఫోన్‌లో బాబాయ్ ఒకటే అరుపు: "తాళం తిప్పనివ్వకమ్మా, బ్యాటరీ వైరు పీకెయ్యండి!" సిలిండర్లో నీళ్లుంటే అవి నొక్కుకుపోవు, సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టోయింగ్ బండి మీద షెడ్‌కి చేర్చాం. కింద నట్టు విప్పితే ఆయిల్ బదులు పాలు కలిపిన కాఫీ కారింది. ఆయిల్ రెండుసార్లు మార్చి, గేర్ ఆయిల్ తీసి, సెల్ఫ్ మోటార్, డైనమో, బ్రేకులు విప్పి, వైరింగ్ కనెక్టర్లు ఒక్కొక్కటీ కడిగి, సీట్లు ఎండలో పెట్టి ఇచ్చేసరికి 27,500. తర్వాత ఆరు నెలలకి వీల్ బేరింగులు మోత మొదలుపెట్టాయి, ఇంకో 2,800. మాకున్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే, దాంతో మన బండికి ఒక్క రూపాయి రాదు. అందుకే ఇప్పుడు ఫుల్ ఇన్సూరెన్స్ కడుతున్నాను.

ఈ ఊళ్లో సెకండ్ హ్యాండ్ కారు చూసేవాళ్లు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. మా బెల్టు మీద అరచేయంత బురద చార ఇప్పటికీ ఉంది, ఎంత రుద్దినా పోలేదు.

2025లో పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 5,000, 2022 ఏప్రిల్‌కి ముందు ఇది 600 ఉండేది. ఫిట్‌నెస్‌కి హెడ్‌లైట్లు పాలిష్ చేయించి వెళ్లాను, ఐదేళ్లకి ఇచ్చారు.

వరద ఖర్చు పక్కనపెడితే ఈ మూడేళ్లలో రిపేర్లకి పెట్టింది 34,600. మా తోటి టీచర్ కొత్త కారుకి నెలకి 9,800 కడుతోంది, ఆవిడ నాలుగు వాయిదాలంత కూడా నాకు కాలేదు. కానీ దీన్లో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. హైవే మీద గుంటూరు వెళ్లాలంటే పిల్లల్ని బస్సులోనే తీసుకెళ్తాను. ఊళ్లో తిరగడానికి, స్కూలుకి మాత్రం దీన్ని వదలను.

ఈమధ్య వారధి ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తోంది గానీ బండి వేగం అందుకోవడం లేదు. క్లచ్ ప్లేటు అరిగిందని బాబాయ్ చెప్పాడు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, మజూరీ కలిపి 6,500 అన్నాడు. ఈసారి వారం ఆగదలచుకోలేదు, శనివారం స్కూలు వదలగానే షెడ్‌లో వదిలేసి ఆటోలో ఇంటికొస్తాను.