చర్చి హాల్లో సాయంత్రం బడి: రెండేళ్లు పంపాక రాస్తున్న రివ్యూ

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో ఒక చర్చి హాల్లో నడిచే సాయంత్రం బడి గురించి ఇది. పేరు రాయడం లేదండీ, ఎందుకంటే మెచ్చుకోవాల్సిన వాటితో పాటు ఒక పెద్ద ఫిర్యాదు కూడా ఉంది, నలుగురు టీచర్లతో కష్టపడి నెట్టుకొస్తున్న చోటుని బజారుకీడ్చడం నాకిష్టం లేదు. మా బాబు ఏడో తరగతి, పాప మూడు. పగలు మామూలు ఇంగ్లీషు మీడియం స్కూలు, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఇక్కడ. ఒక్కొక్కరికి నెలకి 900.

వీళ్లది క్లాసికల్ క్రిస్టియన్ పద్ధతి. అదేంటని చేర్పించే ముందు నేనూ అడిగాను. పాతకాలం యూరప్‌లో చదువుకి మూడు మెట్లు ఉండేవి: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం. 1947లో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో మాట్లాడుతూ ఈ మూడూ పిల్లల వయసుకి అతికినట్టు సరిపోతాయన్నారు. చిన్నప్పుడు ఏది చెప్పినా కంఠతా పట్టేస్తారు, కాస్త పెరిగాక ప్రతిదానికీ ఎదురు చెప్తారు, ఆ తర్వాత తమ మాట నలుగురూ వినాలనుకుంటారు, కాబట్టి ఏ వయసులో ఏ గుణం ఉంటే దాంతోనే చదువు చెప్పాలని. 1981లో అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని మాస్కో అనే ఊళ్లో లోగోస్ అని ఒక బడి ఈ పద్ధతిలో మొదలైంది, అక్కణ్ణుంచి చాలా చోట్లకి పాకింది. లెక్కలైనా చరిత్రైనా దేవుడు చేసిన ఒకే లోకం గురించే కదా, ముక్కలు చేసి చెప్పకూడదన్నది వీళ్ల నమ్మకం. మొదటి మెట్టు మనకేం కొత్త కాదు, మా అమ్మమ్మ వాళ్లు వీధిబడిలో ఎక్కాలూ శతక పద్యాలూ వల్లె వేసింది అదే.

తేడా రెండో మెట్టు దగ్గర తెలిసింది. మొన్న భోజనాల దగ్గర మా మావయ్యగారు, పక్కింటాయన మేడ మీద మేడ కడుతున్నాడు, ఎక్కడో రొయ్యల చెరువు తీసుకునే ఉంటాడు అన్నారు. మావాడు ముద్ద పక్కన పెట్టి, "తాతయ్యా, రొయ్యలు వేసినవాళ్లు బాగుపడ్డారనుకుందాం. అంతమాత్రాన బాగుపడినవాళ్లంతా రొయ్యలే వేశారని కాదుగా?" అన్నాడు. ఆయన కాసేపు చూసి, "నిజమేరా" అన్నారు. నాకు నచ్చింది తెలివి ఒక్కటే కాదు, గొంతు పెంచకుండా అన్నాడు. తర్కం క్లాసులో అవతలివాళ్ల మాటని వాళ్లు ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే కాదనాలట. ధవళేశ్వరం ఆనకట్ట మీద కూడా అలాగే వాదన పెట్టారు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆ కట్టడం మనకి అన్నం పెట్టింది, మరి కాటన్ దొరకి దండ వేస్తే కంపెనీ పాలనని మెచ్చుకున్నట్టా కాదా? మావాడికి ఇష్టం లేని వైపు ఇచ్చారు. వారం రోజులు తన్నుకున్నాడు, కానీ బాగా మాట్లాడాడు.

వార్షికోత్సవం రోజు మాత్రం నేను మర్చిపోలేను. సంస్కృతిని పునరుద్ధరిస్తాం అని వీళ్ల కరపత్రంలో పెద్దక్షరాలతో ఉంటుంది, అది మాటలకే అనుకున్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి కట్నం మీద మాట్లాడింది. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో భర్తకి క్రీస్తుని మాదిరిగా చూపించాడు, పెళ్లికొడుకు లాంటి ఆ క్రీస్తు పెళ్లికూతురు లాంటి విశ్వాసుల సంఘం కోసం తనని తాను ఇచ్చేసుకున్నాడే గానీ ఏమీ అడగలేదు, మరి చర్చిలో ప్రార్థన చేయించుకుని జరిగే పెళ్లిలో ఎకరాలూ కాసులూ ఎందుకు మాట్లాడుకుంటున్నాం అని ఒక్కో మెట్టూ కట్టుకుంటూ పోయింది. ముందు వరసలో కట్నం తీసుకున్న పెద్దలే ఉన్నారు. మా ఆయన కూడా. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఇంటికొచ్చాక ఆయన, "పాపకి మాత్రం ఇవ్వొద్దు, బాబుకి తీసుకోవద్దు" అన్నారు. పెళ్లై పద్నాలుగేళ్లు, ఆ మాట ఇంట్లో మొదటిసారి విన్నాను.

ఇప్పుడు ఫిర్యాదు. వారానికి నాలుగు గంటలు లాటిన్, తెలుగుకి ఒక్కటి. లాటిన్ తప్పని నేననను, అమెరికాలో ఇంగ్లీషు పిల్లలకి వాళ్ల భాషలో చాలా మాటలకి అది మూలం. మన భాష వేళ్లు వేరే కదండీ! 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురంలో పని మొదలుపెట్టినప్పుడు వాళ్లే తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. పాతకాలం యూరప్‌లో ఆ మూడు మెట్లతో కలిపి మొత్తం ఏడు విద్యలుండేవని, వాటిలో సంగీతం కూడా ఉందని వీళ్లే చెప్తారు. మన కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలున్నాయి, అయినా పిల్లలకి ఆది తాళం వేయడం రాదు. రాజమండ్రిలో నన్నయ భారతం తెనిగించిన గోదావరి మనది, ఇక్కడి పిల్లలకి ఉత్పలమాలకీ చంపకమాలకీ తేడా తెలియకుండా ఏ సంస్కృతిని బాగుచేస్తాం? ఇది అడిగితే మొదట్లో, సిలబస్ బయటి నుంచి వచ్చింది, మార్చలేం అన్నారు. తల్లిదండ్రులం ఐదుగురం కలిసి వెళ్లాక కాస్త మెత్తబడ్డారు.

మిగతావి చిన్నవే. కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, ఆగస్టులో దోమలు చంపేస్తాయి, పగలంతా స్కూల్లో కూర్చుని వచ్చిన చిన్నపిల్లలు ఏడు దాటితే తూలిపోతున్నారు, మూడో తరగతి లోపు పిల్లల్ని పంపకండి. పెద్దవాళ్లనైతే నేను నిస్సంకోచంగా పంపమంటాను. లాటిన్ గంటల్లో రెండు తెలుగు పద్యానికి, కీర్తనలకి ఇస్తామని జూన్‌కి మాటిచ్చారు. ఇచ్చారో లేదో ఇక్కడే రాస్తాను.