స్వెట్టర్ చేతులు: ఒక్కొక్కటిగా అల్లడం మేలా, రెండూ కలిపి అల్లడం మేలా?

నేను అల్లిన మొదటి స్వెట్టర్ మా అబ్బాయికి. అప్పుడు మేం ఢిల్లీలో ఉండేవాళ్లం. చలికాలంలో మేడమీద ఎండలో కూర్చుని అల్లే ఇరుగుపొరుగు ఆడవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. అందుకే నాకు అల్లిక సూది ఇప్పటికీ హిందీ సలాయి, సూదిమీద పడే ఒక్కో కుట్టు ఫందా. ముందు భాగం, వెనుక భాగం, రెండు చేతులు అన్నీ అయ్యాక, కుట్టబోయే ముందు చేతులను మంచం మీద ఒకదానిపై ఒకటి పరిచాను. ఒకటి రెండోదానికంటే బొటనవేలి వెడల్పున పొడవుంది. వరుసలు లెక్కపెట్టాను. రెండింటిలోనూ 90 ఉన్నాయి.

లెక్క తప్పలేదు, చేతి బిగువు మారింది. మొదటిది సెలవుల్లో తీరిగ్గా అల్లాను. రెండోది పిల్లవాడి పరీక్షల రోజుల్లో, పాఠం అప్పజెప్పించుకుంటూ, దారం బిగించి లాగుతూ అల్లాను. 10 సెంటీమీటర్లకు 28 వరుసలు పడితే 90 వరుసలకు 32 సెంటీమీటర్లు వస్తాయి. బిగువు పెరిగి 30 వరుసలు పడితే అదే 90కి 30 సెంటీమీటర్లే. ఆ రెండు వరుసల తేడా అల్లుతున్నప్పుడు కంటికి కనిపించదు. కాబట్టి ఏ పద్ధతి మేలో తేల్చేటప్పుడు వరుసల లెక్కతో పాటు చేతి బిగువునూ చూడాలి.

ఒక్కొక్కటిగా అల్లడం అందరికీ తెలిసిన దారి. రెండు తిన్నని సూదులు, ఒక ఉండ చాలు. సంచిలో వేసుకుని రైల్లోనూ అల్లుకోవచ్చు. బరువుండదు. జడ అల్లికలు ఉండి, కుడిచేతి జడ ఒకవైపు, ఎడమచేతి జడ అద్దంలో చూసినట్టు ఎదురువైపు తిరగాల్సివస్తే నేను ఇప్పటికీ ఇలాగే అల్లుతాను. రెండు దిక్కులను ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. అయితే రెండు నియమాలు తప్పకూడదు. కుట్లు పెంచిన ప్రతిచోటా అంచు కుట్టులో వేరే రంగు దారం ముక్క కట్టాలి. మొదటి చెయ్యి ముగించిన రోజే రెండోదానికి కుట్లు ఎక్కించాలి. నెల గడిచిందంటే ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు.

ముక్కలుగా అల్లి కుట్టే మామూలు స్వెట్టర్‌కైతే రెండు చేతులనూ ఒకే సూదిమీద పక్కపక్కన అల్లడమే మేలని నా గట్టి అభిప్రాయం. మన మనసు ఎలా ఉన్నా, దారం బిగిసినా వదులైనా, రెండింటికీ ఒకే రోజు, ఒకే వరుసలో అలాగే పడుతుంది. కుట్ల పెంపకాలూ అంతే, ఒకదానిలో పెంచి రెండోదానిలో మరిచిపోతే పక్కనే తెలిసిపోతుంది.

దీనికి తిన్నని సూది చాలదు. ఎనిమిదేళ్ల పిల్లవాడి చెయ్యి మణికట్టు దగ్గర 40 కుట్లతో మొదలై, ప్రతి ఆరో వరుసలో అటొకటి ఇటొకటి పెంచుకుంటూ పోతే పది పెంపకాలకు 60 అవుతుంది. రెండు చేతులకు 120. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడే ఊలుతో అది 54 సెంటీమీటర్ల వెడల్పు. మామూలు 35 సెంటీమీటర్ల సూదిమీద కుట్లు ఇరుక్కుని చివరలనుంచి జారిపోతాయి. రెండు మొనలను సన్నని తీగతో కలిపిన 80 సెంటీమీటర్ల సర్క్యులర్ సూది తీసుకుని, గుండ్రంగా కలపకుండా ఇటూ అటూ అల్లాలి. బోర్డరుకు సన్నని 10వ నంబరు, పైకి వెళ్లాక కాస్త లావైన 8వ నంబరు సూది నాకు సరిపోతుంది.

ఉండలు రెండు కావాలి. ఒకటే ఉంటే వంటింటి తూకంమీద పెట్టి సగం చేసుకోండి. లోపలి కొస, బయటి కొస లాగి అల్లుదామనుకుంటే చిక్కులు విప్పడానికే పొద్దుపోతుంది. చారలు వచ్చే రంగుల ఊలయితే రెండు ఉండలనూ ఒకే రంగు దగ్గర మొదలుపెట్టాలి. ఒక వరుస చివర పనిని కుడివైపు తిప్పితే, తర్వాతి వరుస చివర ఎడమవైపు తిప్పండి, దారాలు పెనవేసుకోవు. అన్నిటికంటే ముఖ్యం, ఒక చెయ్యి అల్లి రెండోది అల్లకుండా సగంలో లేవకూడదు. కుక్కర్ కూతేసినా వరుస పూర్తిచేసే లేవండి. తిరిగి కూర్చున్నప్పుడు దిక్కు తప్పితే అల్లిన చెయ్యినే మళ్లీ అల్లుతాం, దానికి వరుస ఎక్కువవుతుంది.

మీటరు పొడవు సర్క్యులర్ సూదితో మ్యాజిక్ లూప్ వేసి, అంటే మిగిలిన తీగను కుట్ల మధ్యనుంచి ఉచ్చులా బయటికి లాగి, రెండు చేతులనూ గొట్టాల్లా ఒకేసారి అల్లడం ఇంకో పద్ధతి. పక్క అంచులు కలిపి కుట్టే పని మిగలదు, అది పెద్ద సుఖం. కానీ ప్రతి చుట్టులో తీగను రెండుసార్లు లాగాలి, మలుపుల దగ్గర నిచ్చెనలా సందులు పడే ప్రమాదముంది. ఒళ్లంతా ఇటూ అటూ అల్లి చేతులు మాత్రం గుండ్రంగా అల్లితే, కొందరి చేతిలో అల్లిక బిగువే మారిపోతుంది. ముందు చిన్న గొట్టం అల్లి చూసుకోండి.

తేడా వచ్చాక ఉతికి, సాగదీసి ఆరబెడితే సరిపోతుందని కొందరంటారు. అసలైన గొర్రె ఊలుకు ఒక సెంటీమీటరు వరకు అది పనిచేస్తుంది. మన బజారులో ఊలు పేరుతో అమ్మేదానిలో చాలావరకు అక్రిలిక్. నీళ్లలో తడిపి ఆరబెడితే అది మాట వినదు.

ఎదిగే పిల్లలకు మాత్రం భుజం దగ్గర కుట్లు ఎత్తుకుని మణికట్టు వైపు దిగే చేతులే అల్లుతున్నాను. తొడిగి చూస్తూ ఎక్కడ ఆపాలో తేల్చుకోవచ్చు. కుట్లు మూసేది మణికట్టు దగ్గర కాబట్టి మరుసటి ఏడాది ఆ అంచు, బోర్డరు విప్పి, 14 వరుసలు కలిపి, మళ్లీ బోర్డరు వేస్తే 5 సెంటీమీటర్లు పొడవవుతుంది. కింది నుంచి మొదలుపెట్టిన చేతికి ఆ అంచు అంత తేలిగ్గా విప్పుడు పడదు. ఊలు కొనేటప్పుడే అదే లాటు నంబరుది, అంటే ఒకేసారి రంగు వేసినది, ఒక ఉండ ఎక్కువ తీసుకుని, చీటీతో సహా దాచిపెట్టండి.