కొత్త కత్తుల సెట్ కొన్నారా? నూరే రాయి ముట్టుకునే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో వంటింటి కత్తులు కొనేవాళ్ళకు ఒక జాగ్రత్త. పార్సిల్ వచ్చిన రోజే కత్తి వాదర, అంటే పదునైన అంచు చూడండి. తేడాగా ఉంటే ఫోటోలు తీసి వెనక్కి పంపండి. "ఆ కాస్త నేనే నూరుకుంటాలే" అని మాత్రం అనుకోకండి. నేను అనుకున్నాను. 4,300 రూపాయలు పోయాయి.

కంపెనీ పేరు రాయను. ఇలాంటి సరుకే పది పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి పేరు కన్నా గుర్తులు తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

నల్ల డబ్బా, లోపల మెత్తటి గుడ్డ, అందులో మూడు కత్తులు. పెద్దది 8 అంగుళాల షెఫ్ నైఫ్. దాని మీద నీటి అలల్లాంటి డమాస్కస్ గీతలు. "జర్మన్ హై కార్బన్ స్టీల్, 15 డిగ్రీల పదును, చేత్తో నూరినది" అని డబ్బా మీద రాసుంది. మొదటిరోజు న్యూస్‌పేపర్ పెట్టి చూస్తే సర్రున తెగింది. మురిసిపోయి మా అమ్మ కత్తిపీట మీద నాలుగు జోకులు కూడా వేశాను.

నాలుగో రోజుకే బండారం బయటపడింది. ఉల్లిపాయ కోస్తే ముక్కలు విడిపోవడం లేదు, కింద ఒక పొర పట్టుకుని వరసగా వేలాడుతున్నాయి. అమ్మ చూసి, "ఏరా, పెళ్ళి పందిరికి తోరణాలు కడుతున్నావా?" అంది. క్యారెట్ కోస్తే కత్తి నిటారుగా దిగకుండా ఎడమకు జారుతోంది. చక్రాలు పైన పల్చగా, కింద మందంగా వస్తున్నాయి. టమాటా సంగతి చెప్పక్కర్లేదు, నొక్కితే గుజ్జయింది.

అప్పుడు కత్తిని తిరగేసి లైటు కింద పెట్టి చూశాను. వాదరకు రెండు వైపులా సన్నగా మెరిసే ఏటవాలు పట్టీ ఉంటుంది కదా, కుడివైపు అది పిడి దగ్గర రెండు మిల్లీమీటర్లు ఉంది, మొన దగ్గరికి వచ్చేసరికి అర మిల్లీమీటరు. ఎడమవైపు అసలు ఉందా లేదా అన్నట్టుంది. గ్రానైట్ గట్టు మీద వాదర ఆనించి, వెనక నుంచి ఫోన్ టార్చి వేస్తే పిడికి అంగుళం దూరంలో కింద నుంచి వెలుతురు వస్తోంది. అక్కడ గుంట. కత్తి ఆ చోట పలకను తాకనే తాకదు. ఉల్లిపాయ తోరణాలకు కారణం అదే.

ఇలా ఎందుకవుతుందో తర్వాత తెలుసుకున్నాను. పేరున్న కత్తులకు కూడా చాలాచోట్ల చివరి పదును మనిషే పెడతాడు. గిర్రున తిరిగే బెల్టుకో చక్రానికో వాదర ఆనించి పిడి నుంచి మొన దాకా లాగుతాడు. ఒక్కో వైపు కొన్ని సెకన్ల పని. ఒక వైపు కాస్త గట్టిగా నొక్కితే ఆ పట్టీ వెడల్పవుతుంది. మొదలుపెట్టేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగితే అక్కడ గుంట పడుతుంది. ఇంకోటి, నూరినప్పుడు అంచున సన్నటి ఇనుప పొర పేరుకుంటుంది, బర్ అంటారు. దాన్ని తీయకుండా డబ్బాలో పెట్టేస్తే మొదటిరోజు బ్లేడులా కోస్తుంది, వారంలో ఆ పొర వంగిపోయో ఊడిపోయో మొద్దుబారుతుంది. కాబట్టి అన్‌బాక్సింగ్ రోజు కాగితం తెగిందని సంబరపడకండి.

ఇప్పుడు నా తెలివితక్కువ పని. రీప్లేస్‌మెంట్‌కు ఏడు రోజుల గడువుంది, అది ఐదో రోజు. ఫిర్యాదు పెట్టకుండా హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి, వడ్రంగులు వాడే నల్ల కార్బోరండం రాయి కొన్నాను. రెండు వీడియోలు చూసి కూర్చున్నాను. అరగంటకు కత్తి పక్కలంతా గీతలు. చేతి కోణం ఒక్కో లాగుడికి ఒక్కోలా మారడంతో ఉన్న కాస్త పదునూ పోయింది. గుంట అలాగే ఉంది. అన్నిటికన్నా విచిత్రం, రాయి తగిలిన చోట డమాస్కస్ గీతలు చెరిగిపోయాయి! పైపైన లేజర్‌తో వేసిన బొమ్మ అది. ఇప్పటి డమాస్కస్ కత్తుల్లో అసలైనవైతే పొరలు పొరలుగా అతికించిన ఉక్కుతో చేస్తారు, గీతలు లోపలి దాకా ఉంటాయి. రుద్దితే మసకబారినా యాసిడ్‌లో ముంచితే మళ్ళీ తేలతాయి. ఒకప్పుడు డమాస్కస్ కత్తులకు వాడే మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారట. ఆ గడ్డ మీద ఉంటూ నేను కొన్నది స్టిక్కర్ లాంటి డమాస్కస్. పైన పటారం, లోన లొటారం.

ఆరో రోజు కస్టమర్ కేర్‌కు ఫోటోలు పంపాను. జవాబు రెండు ముక్కలు: "సార్, ప్రొడక్ట్ ఆల్రెడీ షార్పెన్ చేశారు. రిటర్న్ కుదరదు." నిజానికి వాళ్ళ మాటలో తప్పు పట్టడానికి లేదు. ఏ గీత ఫ్యాక్టరీది, ఏది నాది అని నేనెలా నిరూపించను?

కాబట్టి పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి. తర్వాత ఏమీ కోయకముందే ఐదు నిమిషాలు ఇలా చూడండి. రెండు వైపుల పట్టీలూ దాదాపు ఒకే వెడల్పు ఉన్నాయా అని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి. వాదరను మెల్లగా గట్టుకు ఆనించి, పిడి వైపు నుంచి మొన దాకా దొర్లిస్తూ వెనక టార్చి వేయండి. వంపున్న కత్తికి రెండు కొసల్లో వెలుతురు రావడం మామూలే, మధ్యలో ఒకచోట సందు నిలిచిపోతే అది గుంట. వాదరను కంటికి ఎదురుగా పట్టుకుని లైటు కింద చూస్తే, నిజంగా పదునున్న చోట ఏమీ మెరవదు. చుక్కలా మెరిసిన ప్రతిచోటా మొద్దు గానీ పెచ్చు గానీ ఉన్నట్టు.

ఒక మాట కూడా చెప్పాలి. పట్టీలు సమానంగా లేని ప్రతి కత్తీ నాసిరకం కాదు. జపాన్ సంప్రదాయ కత్తుల్లో కొన్నిటికి కావాలనే ఒకవైపే పదును పెడతారు. కుడిచేతివాళ్ళకు వేరు, ఎడమచేతివాళ్ళకు వేరు. అలాంటప్పుడు ఆ సంగతి అమ్మేవాడే చెబుతాడు, పట్టీ వెడల్పు కూడా పొడవునా ఒకేలా సాగుతుంది. నా కత్తిలా కప్పను మింగిన పాములా ఉండదు.

స్టీలు గురించి కూడా అడగండి. "జర్మన్ స్టీల్" అనే మాటకు అర్థం లేదు. 1.4116 అని ఉక్కు రకం నంబరు చెబితే అర్ధ శాతం కార్బన్, 15 శాతం దాకా క్రోమియం ఉన్న మామూలు మంచి వంటింటి ఉక్కు అని తెలుస్తుంది. నంబరు చెప్పనివాడి దగ్గర కొనకపోవడమే మేలు అని నా అభిప్రాయం.

ఫిర్యాదు సంగతి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువునూ, చెప్పినట్టు లేని వస్తువునూ వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దొంగ డమాస్కస్ పాయింటు మీదైనా నేను గట్టిగా అడిగి ఉండొచ్చు. ఆ సంగతి తెలిసేసరికి విసుగొచ్చి వదిలేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

డబ్బు ఎలాగూ పోయింది కదా అని నూరడం మాత్రం సరిగ్గా నేర్చుకున్నాను. 400 రాయి ఒకటి, 1000 రాయి ఒకటి (అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు), నీళ్ళతో వాడేవి. నాకు దారి చూపించింది మార్కర్ పెన్. పట్టీ మీద నల్ల మార్కర్ పూసి, రాయి మీద ఒక్కసారి లాగి చూడండి. నలుపు పైభాగంలో పోతే కత్తి మరీ పడుకోబెట్టారని, అంచున మాత్రమే పోతే మరీ లేపారని. మొత్తం పోతే కోణం కుదిరినట్టు. నా కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు. 15 డిగ్రీలు రావాలంటే దాని వెన్ను రాయికి దాదాపు 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, 20 డిగ్రీలకు 15 మిల్లీమీటర్లు. చిటికెన వేలు కింద పెట్టి ఆ ఎత్తు గుర్తు పెట్టుకున్నాను. ఒక వైపు నూరుతుంటే రెండో వైపు పొడవునా బర్ గరుగ్గా తగలాలి. వేలిని వెన్ను నుంచి అంచు బయటికి జార్చి చూడాలి, అంచు వెంబడి పొడవుగా కాదు, తెగుతుంది. అది తగిలాకే వైపు మార్చాలి. చివర్లో చేయి తేలిక చేసి అటొకటి ఇటొకటి లాగుతూ ఆ బర్ పోగొట్టాలి. ఫ్యాక్టరీ వాడు ఎగ్గొట్టింది ఈ పనే.

వీధిలో చక్రం మీద సానపట్టించడం తేలిక కదా అంటారేమో. కత్తిపీటకు, కొడవలికి సరే. పల్చటి స్టెయిన్‌లెస్ కత్తిని నీళ్ళు లేకుండా జోరుగా తిరిగే చక్రానికి ఆనిస్తే సన్నటి అంచు వేడెక్కి మెత్తబడుతుంది, లోహమూ ఎక్కువ పోతుంది.

పోయిన నెల మా బావమరిది అచ్చం అలాంటి సెట్టే తెప్పించాడు. టార్చి వేసి చూశాం, అదే చోట గుంట. కూరగాయ కూడా తగలనివ్వకుండా స్కేలు పెట్టి ఆరు ఫోటోలు, వీడియో పంపించాడు. మొదట రీప్లేస్‌మెంట్ ఇస్తామన్నారు, వద్దని పట్టుబడితే ఐదో రోజున డబ్బు వెనక్కి వచ్చింది.

నా కత్తి గుంట పోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. వాదర మొత్తాన్ని గుంట లోతు దాకా అరగదీయాలి మరి, వేరే దారి లేదు. వెడల్పు మూడు మిల్లీమీటర్లు తగ్గింది గానీ టమాటా నొక్కకుండా తెగుతోంది. ఇప్పుడు అమ్మ తన కత్తిపీట కూడా నూరిపెట్టమంటోంది. దాని వంపుకు నా రాయి సరిగ్గా ఆనడం లేదు. ఇంట్లోనే కత్తిపీట నూరేవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం వాడుతున్నారో చెప్పండి.