ఎల్బో ‘ది సెల్డమ్ సీన్ కిడ్’: పదిహేనేళ్లు విన్నాక

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఎల్బో వాళ్ల ఈ ఆల్బమ్ గురించి ఎవరు అడిగినా "ఒక్క చెత్త పాట లేదు, మొదటిసారే పట్టేస్తుంది" అని చెప్పేదాన్ని. ఆ రెండు మాటల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు. మొదటిసారి నన్నే పట్టలేదు.

2010లో ఎమ్మెస్సీ చదవడానికి మాంచెస్టర్ వచ్చిన కొత్తలో ఒక చారిటీ షాపులో పౌండుకి ఈ సీడీ దొరికింది. అప్పటికి అది వచ్చి రెండేళ్లు, బ్రిటన్‌లో ఏడాదికి ఒక ఉత్తమ ఆల్బమ్‌కి ఇచ్చే మెర్క్యురీ ప్రైజ్ కూడా వచ్చేసింది. ఫోన్లోకి ఎక్కించుకుని ఆక్స్‌ఫర్డ్ రోడ్ బస్సులో విన్నాను. ఏమీ వినపడలేదు. ఇంజన్ మోత వెనకాల ఎవరో గొణుక్కుంటున్నట్టుంది. సౌండ్ పెంచాను, ఇంకా పెంచాను. అప్పుడు బూరలన్నీ ఒక్కసారిగా చెవిలో పేలాయి. ఇయర్‌ఫోన్స్ లాగేశాను. పక్క సీట్లో పెద్దావిడ "ఏమైందమ్మా?" అని భుజం మీద చెయ్యి వేసింది.

ఆ పాట ‘స్టార్లింగ్స్’, ఆల్బమ్‌లో మొదటిదే. నాలుగైదు రోజులు దాన్ని దాటేసి రెండో పాట నుంచి వినేదాన్ని. ఆ మోత రికార్డింగులో పొరపాటని గట్టిగా నమ్మాను కూడా.

పొరపాటు కాదు. ఆ రోజుల్లో రాక్ సీడీలను వీలైనంత గట్టిగా వినపడేలా మాస్టరింగ్ (సీడీగా రాకముందు శబ్దానికి చేసే చివరి మెరుగు) చేసేవాళ్లు. మెల్లగా ఉండాల్సిన చోటును పైకి లాగి, పైకి లేవాల్సిన చోటును అణిచి, పాటంతా ఒకే ఎత్తులో నిలబెట్టేవాళ్లు. ఎల్బో వాళ్లు ఆ దారిన పోలేదు. బయటి నిర్మాతను పెట్టుకోకుండా, కీబోర్డ్ వాయించే క్రెయిగ్ పాటరే మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లోని బ్లూప్రింట్ స్టూడియోస్‌లో దీన్ని ప్రొడ్యూస్ చేశాడు. మెల్లగా పాడింది మెల్లగానే ఉంటుంది. వినపడాలంటే మనమే సౌండ్ పెంచుకోవాలి. పెంచుకున్నాక ఏం జరిగినా భరించాలి. ఈ ఒక్క గుణం కోసమే నేను దీన్ని ఇన్నేళ్లుగా వింటున్నాను.

‘ది లోన్లీనెస్ ఆఫ్ ఎ టవర్ క్రేన్ డ్రైవర్’ నాకు అర్థమైన రోజు బాగా గుర్తుంది. అప్పట్లో సాల్ఫర్డ్ కీస్ అనే పాత రేవు దగ్గర మీడియా సిటీ అనే టీవీ స్టూడియోల సముదాయం కడుతున్నారు. పార్ట్ టైమ్ పని ముగించుకుని రాత్రి నీళ్ల పక్కగా నడుచుకుంటూ వస్తుంటే పైన క్రేన్ల మీద ఎర్ర దీపాలు కనిపించేవి. ఈ పాట బరువుగా, నిదానంగా మొదలై వయొలిన్లతో అంతకంతకూ పైకి లేస్తుంది. గొంతు మాత్రం తొందరపడదు. ఊరంతా కింద ఉండి, మాట్లాడే మనిషి ఒక్కడూ లేనివాడి పాట. ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజాము అవుతుందని ఆగిపోయిన రోజులవి. ఆ రాత్రి రూముకి వెళ్లేలోపు మూడుసార్లు విన్నాను.

మాటలు మాత్రం చాలా ఆలస్యంగా అందాయి. పాడే గై గార్వీది మాంచెస్టర్ దగ్గరి బరీ ఊరి యాస. ‘వెదర్ టు ఫ్లై’ అన్న పేరులో శ్లేష ఉందని నాకు రెండేళ్లకు గానీ తట్టలేదు. ఎగరడానికి అనువైన వాతావరణం అని ఒక అర్థం. ‘whether’ కూడా అలాగే పలుకుతుంది కాబట్టి, చెవికి మాత్రం ఎగరాలా వద్దా అన్న ప్రశ్నలా వినపడుతుంది. కుర్రతనం నుంచి కలిసి వాయిస్తూ, నాలుగో ఆల్బమ్ దాకా పెద్దగా పేరు రాని స్నేహితులు ఆ మాట అంటున్నారని తెలిశాక, ఆ పాట వింటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక అసలు సంగతి. 2017లో బాబు పుట్టాడు. గుంటూరు నుంచి అమ్మ వచ్చింది. వాడికి మూడో నెల. ఒక రాత్రి అమ్మ ఒళ్లో నిద్రపోయాడు. మా ఆయన గిన్నెలు కడుగుతున్నారు. ఎన్నాళ్లకో దొరికిన అరగంట కదా అని, టీవీ కింద కొత్తగా పెట్టిన సౌండ్‌బార్‌లో ఈ ఆల్బమ్ వేశాను. ‘స్టార్లింగ్స్’లో బూరలు ఎక్కడ పేలతాయో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఇన్నేళ్లూ ఇయర్‌ఫోన్స్‌లో విన్నదాన్ని, గదిలో ఆ మోత ఎంతుంటుందో ఊహించలేదు. మెల్లగా ఉంది కదా అని నాలుగు గీతలు పెంచాను.

బాబు రెండు చేతులూ గాల్లోకి ఎగరేసి కెవ్వుమన్నాడు. "అదేం పాటే తల్లీ, పసివాడు ఉలిక్కిపడ్డాడు!" అని అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుంది. వాడు మళ్లీ పడుకునేసరికి ముప్పావుగంట పట్టింది. అమ్మ ఉప్పు తిప్పి దిష్టి కూడా తీసింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మా ఆయన రిమోట్‌లో నైట్ మోడ్ అనే బటన్ కనిపెట్టారు. మెల్లని శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గిస్తుంది. అది నొక్కి మళ్లీ వేశారు. బూరలు పక్కింటి గోడ అవతల నుంచి వచ్చినట్టు వచ్చి పోయాయి. బాబు కదల్లేదు. అందరికీ సంతోషమే. నేను మాత్రం క్రేన్ డ్రైవర్ పాట దాకా కూర్చుని విన్నాను. ఒక్క స్వరం పోలేదు, మాటలన్నీ ఇంకా స్పష్టంగా వినపడుతున్నాయి. కానీ ఆ పాట ఎక్కడికీ ఎక్కడం లేదు. మొదట్లోనే పైన ఉంది, చివర్లోనూ అక్కడే ఉంది. పప్పునీ తాలింపునీ కలిపి మిక్సీలో తిప్పేసినట్టుంది. నేను ఏడేళ్లుగా ఇష్టపడింది రాగాల్ని కాదని, వాటి మధ్య ఎత్తుపల్లాలనని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఏడాదిన్నర దీన్ని వినలేదు. పసివాడున్న ఇంట్లో రెండు చెవులూ మూసుకునే వీలుండదు, నైట్ మోడ్‌లో వినబుద్ధి కాలేదు.

తిరిగి వినడం మొదలుపెట్టాక కొన్ని అభిప్రాయాలు మారాయి. ‘యాన్ ఆడియన్స్ విత్ ద పోప్’ ఇప్పుడు దాటేస్తున్నాను. అందరికీ తెలిసిన ‘వన్ డే లైక్ దిస్’ గురించి ఒకప్పుడు చాలా గొప్పగా చెప్పాను. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకలోనూ వాళ్లు పాడారు. విడిగా వింటే ఇప్పుడు నాకది పెళ్లి హాల్లో పాటలా ఉంది. ‘సమ్ రయట్’ అనే దిగులు పాట ముగిశాక, దాని చోటులో వస్తేనే దాని వెలుగు తెలుస్తుంది. అందుకే షఫుల్‌లో ఈ ఆల్బమ్‌ని అస్సలు పెట్టను. 2009లో లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియోలో బీబీసీ కాన్సర్ట్ ఆర్కెస్ట్రాతో కలిసి మొత్తం ఆల్బమ్‌ని వాయించిన రికార్డు కూడా బాగుంటుంది, కానీ అంతమంది మధ్య ఈ పాటల ఒంటరితనం కొంచెం తగ్గింది.

కొనాలా వద్దా అంటే నేను మాంచెస్టర్ వానలో తడిసినదాన్ని, నా మాట పూర్తిగా నమ్మకండి. రోజూ మెట్రోలోనో ట్రాఫిక్‌లోనో వినేవాళ్లకు సగం పాటలు అందవు. ఇంట్లో చంటిపిల్లలుంటే ఓ రెండేళ్లు ఆగండి. ఒక గది, గంటకు కాస్త తక్కువ సమయం, సౌండ్ పెంచినా ఎవరూ తిట్టని వేళ ఉంటే నాలుగుసార్లు వినండి. మొదటి రెండుసార్లూ నచ్చకపోవచ్చు.

2022లో అమ్మ మళ్లీ వచ్చింది. బాబు స్కూలుకి వెళ్లాక నైట్ మోడ్ తీసేసి పెట్టాను. తను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. బూరలు మోగగానే తలెత్తి "ఇదేనా ఆ రోజుది?" అంది. "అవునమ్మా" అన్నాను. ఇంకేం అనలేదు, కాయలన్నీ అయిపోయినా లేవలేదు. చివరి పాట ‘ఫ్రెండ్ ఆఫ్ అవర్స్’, 2006లో చనిపోయిన వాళ్ల స్నేహితుడు, సంగీతకారుడు బ్రయన్ గ్లాన్సీ కోసం చేసింది. ఆల్బమ్‌ని అంకితమిచ్చింది కూడా ఆయనకే. అందులో మగవాళ్లు స్నేహితుడికి ప్రేమ చెప్పుకునే ఒక చిన్న మాటుంది, "లవ్ యూ, మేట్" అని. తెలుగులో చెప్పాలంటే చివర "రా" అని చేర్చాలి, "రా" లేకపోతే అది వేరే మాటైపోతుంది. పాట క్రమంగా సన్నబడి ఆగిపోయింది. అమ్మ ఇంకా స్పీకరు వైపే చూస్తోంది.

"సౌండ్ తగ్గించావా?" అంది.

"లేదమ్మా, అయిపోయింది."