మహేంద్రగిరి: భీముడి గుడి దాకా వెళ్లకుండా తిరిగొచ్చాం

అక్టోబరు చివర్లో మా బావతో కలిసి మహేంద్రగిరి ఎక్కాను. ఎత్తు 1,501 మీటర్లు, భీముడి గుడి శిఖరం మీద ఉంది. పైదాకా జీపులు వెళ్తాయి కానీ మేం కాలిబాట ఎంచుకున్నాం. బస పర్లాకిమిడిలో. ఒడిశా అయినా బజార్లో తెలుగుతోనే పని జరిగిపోతుంది. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లో ఉండగానే.

అమెరికా నుంచి వస్తూ బావ శాటిలైట్ మెసెంజర్ తెస్తానన్నాడు. ఫోన్ సిగ్నల్ లేకపోయినా, మీట నొక్కితే ఎక్కడున్నా ఉపగ్రహం మీదుగా ఎస్ఓఎస్, అంటే ఆపదలో ఉన్నామన్న కబురు, వెళ్తుందట. వద్దని గట్టిగా చెప్పాను. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అవి తెస్తే కేసవుతుంది. 2024 డిసెంబరులో గోవా ఎయిర్‌పోర్టులో ఇలాంటి దానితోనే ఒక విదేశీ యాత్రికురాలిని ఆపేశారు. ఆపద సంకేతం మాత్రమే పంపే 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ అనే పరికరం వేరే రకం. దాని పిలుపు ఉపగ్రహాల మీదుగా బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. ఏ పరికరమైనా కబురు మాత్రమే పంపుతుంది. ఆ తర్వాత కాలిబాటలో ఉన్న మన దగ్గరికి మనుషులు నడిచే రావాలి. వాళ్లొచ్చేదాకా రాత్రంతా చలిలో కూర్చోవాల్సింది మనమే.

అందుకే లాడ్జీ కౌంటర్లో ఒక కాగితం ఇచ్చాం. ఏ దారిన వెళ్తున్నాం, ఎంతమందిమి, ఏడింటికి రాకపోతే 112కి ఫోన్ చేయండి అని రాశాం. సంచిలో టార్చి, ఈల, ముందే దించుకున్న మ్యాపు. సిగ్నల్ లేకపోయినా ఫోన్లో జీపీఎస్ పనిచేస్తుంది. ఈల అయితే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి.

దారి చూపిన సవర కుర్రాడికి పూర్తి మార్కులు. కుంతి గుడి దాటాక మబ్బు దిగింది. పది అడుగుల అవతల మనిషి కనపడలేదు. అప్పటికి టైము పన్నెండున్నర. ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాం. ఇంకో అరగంట ఉంది కదా అని బావ పట్టుబట్టాడు. "వద్దు బాబూ, తడి రాయి. దిగేటప్పుడే కాలు జారుద్ది" అన్నాడు ఆ కుర్రాడు. బావకి కోపం వచ్చింది, నాకూ బాధగానే ఉంది. అయినా తిరిగాం. దిగేటప్పుడు బావ రెండుసార్లు జారాడు. ఆ మబ్బులో కాలు విరిగితే అన్న టెన్షన్ కిందికొచ్చేదాకా నన్ను వదల్లేదు.

కింద ఇంకో కష్టం. మాట్లాడుకున్న జీపు లేదు. గంటన్నర ఆగి వేరే బండి పట్టుకున్నాం. ముందే డబ్బులు మొత్తం ఇవ్వకండి.

లాడ్జీకి చేరేసరికి ఏడుంపావు. గదులు మామూలే, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. కానీ కౌంటర్లో పెద్దాయన మా కాగితం పట్టుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇంకో నిమిషం చూసి కొట్టేద్దామనుకుంటున్నాను నాయనా" అన్నాడు. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. గది అక్కడే చెప్పి ఉంచాం. దారి చూపడానికి ఆ కుర్రాడే వస్తానన్నాడు.