ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు: పీఎంపీ సిలబస్సా, అక్రెడిటేషనా, అసలు ప్రాజెక్టా?

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సు పెడదామనగానే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ నిర్ణయించే కమిటీ) మీటింగులో ముందు వినబడే మాట, "పీఎంపీకి తగ్గట్టు సిలబస్ రాసేద్దాం." పీఎంపీ అంటే పీఎంఐ అనే అంతర్జాతీయ సంస్థ ప్రాజెక్ట్ మేనేజర్లకు పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్. బ్రోషర్‌లో వేసుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మామూలు డిగ్రీ ఉన్నవాళ్లు పీఎంపీ రాయాలంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలి. కోర్సు ముగించి బయటికొచ్చే కుర్రాడికి కాలేజీ ఆ 35 గంటలు ఇవ్వగలదు. మూడేళ్ల అనుభవం ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. పీఎంఐ వేసే ప్రామాణిక పుస్తకం పేరు పీఎంబాక్. 2017లో వచ్చిన దాని ఆరో ఎడిషన్‌లో 10 నాలెడ్జ్ ఏరియాలు, 49 ప్రాసెస్‌లు ఉండేవి. 2021లో వచ్చిన ఏడో ఎడిషన్ ఆ అమరికను పక్కనపెట్టి 12 సూత్రాలు, 8 పెర్ఫార్మెన్స్ డొమైన్లు తెచ్చింది. అదే ఏడాది పీఎంపీ పరీక్షా మారింది: ప్రశ్నల్లో 42 శాతం మనుషులతో వ్యవహారం, 50 శాతం ప్రాసెస్, 8 శాతం బిజినెస్ వాతావరణం. మన యూనివర్సిటీల రెగ్యులేషన్లు, అంటే సిలబస్ నిబంధనలు, అంత వేగంగా మారవు. పుస్తకంలోని చాప్టర్లనే యూనిట్లుగా దించుకున్న చోట, కొత్త రెగ్యులేషన్ వచ్చేదాకా పిల్లలు పాత ఎడిషన్‌నే బట్టీ కొట్టాలి. సర్టిఫికెట్ మీద మోజున్నవాళ్లకు పీఎంఐదే మొదటి మెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం ఉంది. దానికి అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు. ఇష్టమైనవాళ్లు రాసుకుంటారు, సిలబస్ దాని చుట్టూ తిరగనక్కర్లేదు.

రెండో దారి, పీఎంఐ తరఫున కోర్సులకు గుర్తింపు ఇచ్చే జీఏసీ అక్రెడిటేషన్. ఆ గుర్తింపు ఉన్న డిగ్రీ చేస్తే పీఎంపీకి కావాల్సిన 36 నెలలు 24కి తగ్గుతాయి. ఉద్యోగం చేస్తూ ఎంబీఏ చదివేవాళ్లకు ఇది నిజంగా లాభమే. పైగా జీఏసీ వాళ్లు సిలబస్ కాగితం చూసి ఊరుకోరు, పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆధారాలు అడుగుతారు. ఆధారాలు మన దగ్గర ఎలా తయారవుతాయో ఎన్‌బీఏ (మన ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఫైళ్లు మోసిన లెక్చరర్లకు చెప్పక్కర్లేదు. ఎన్‌బీఏలో చాలా ఏళ్లు నడిచిన 12 ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్‌లో (కోర్సు ముగిసేసరికి పిల్లలకు రావాల్సినవి) పదకొండోది ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, ఫైనాన్స్. ఏ పేపరు దేనికి ఎంత తోడ్పడుతుందో చూపే మ్యాపింగ్ పట్టికలో ఆ గడిలో ఎకనామిక్స్ పేపరుకు ఒక 3 (అన్నిటికన్నా ఎక్కువ అంకె), ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంకో 3 పడేస్తే పనైపోయినట్టే. టీమ్ వచ్చి వెళ్లాక ఫైలు బీరువాలోకి. ఈ అలవాటు పోకుండా మరో అక్రెడిటేషన్ తెచ్చుకుంటే మరో బీరువా కొనాలి.

మూడోది, ప్రాజెక్టునే పరీక్షగా మార్చడం. ఐపీఎంఏ అనే మరో అంతర్జాతీయ సంస్థ 2015లో తెచ్చిన ప్రమాణం నాలుగో వెర్షన్ 29 సామర్థ్యాలను చెబుతుంది. పద్ధతులతో పాటు మనుషులతో నెగ్గుకురావడం, చుట్టూ ఉన్న సంస్థ తీరును అర్థం చేసుకోవడం కూడా అందులో ఉంటాయి. ఇవి మూడు గంటల పేపరుకు లొంగవు. ఇక బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. అయితే అది అమీర్‌పేటలో కొన్నది కాకపోయినా, గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పుడు జరగాలో చూపే పటం) మాత్రం రివ్యూకి ముందురోజు రాత్రే గీస్తారు. ప్లాన్‌కీ జరిగినదానికీ ఒక్కరోజు కూడా తేడా ఉండదు. అనుమానం రావడానికి అంతకంటే ఏం కావాలి?

దీన్ని సరిచేయడానికి కొత్త పేపర్ అక్కర్లేదు. మొదటి వారాల్లోనే ప్లాన్ తీసుకుని, మళ్లీ దిద్దకుండా గైడ్ దగ్గర ఉంచుకోవాలి. సెమిస్టర్ మధ్యలో హాస్టల్ మెస్సో, దగ్గర్లోని చిన్న ఫ్యాక్టరీయో, ఎవరు క్లయింట్ అయితే వాళ్లచేత ఒక అవసరం మార్పించాలి. మార్కులు అక్కడ వేయాలి: చేంజ్ లాగ్ (మార్పుల చిట్టా) రాశారా, ఏ పని వదులుకున్నారు, కొత్త తేదీకి ఎవరు ఒప్పుకున్నారు? రాబోయే చిక్కులు రాసే రిస్క్ రిజిస్టర్‌లో "సర్వర్ ఫెయిల్ కావచ్చు" అని ఎవరైనా రాస్తారు. "ప్లేస్‌మెంట్ డ్రైవ్ వారంలో ఇద్దరు ఉండరు, టెస్టింగ్ ఎవరు చేస్తారు?" అని రాసిన బ్యాచ్‌కే మార్కు పడాలి.

ఖర్చు లేదనను. డబ్బు కన్నా గైడ్ టైమే ఎక్కువ పోతుంది. ఒకరికి పది బ్యాచ్‌లు అంటగడితే ఇది సాగదు. "మాది పూర్తయింది, వాళ్లది సగమే, వాళ్లకెందుకు ఎక్కువ?" అన్న గొడవ కూడా వస్తుంది.

అయినా బీటెక్‌కీ, అనుభవం లేని ఎంబీఏ పిల్లలకీ నా ఓటు మూడోదానికే. ఉద్యోగులు చదివే కోర్సుకు జీఏసీ కోసం వెళ్లవచ్చు, కానీ ముందు ప్రాజెక్టు పద్ధతి మార్చుకుని వెళ్లాలి. అప్పుడు ఆధారాలు వాటంతటవే పోగవుతాయి. పీఎంపీ శిక్షణను డిగ్రీలో ఇరికించకుండా, అనుభవం వచ్చాక తిరిగొచ్చే పూర్వ విద్యార్థులకు షార్ట్ కోర్సుగా పెట్టుకోవచ్చు. అడ్మిషన్ కోసం వెళ్లేవాళ్లు బ్రోషర్ పక్కనపెట్టి, పోయినేడాది బ్యాచ్ చేంజ్ లాగ్ ఒకటి చూపించమని అడగండి.